ఓడెక్కి వచ్చినవాళ్లు, నడిచి వచ్చినవాళ్లు

బాలాపూర్ అనగానే అందరికీ వినాయకుడి లడ్డూ వేలంపాట గుర్తొస్తుంది. నేనుండేది ఆ పక్కనే, మీర్‌పేటలో. ఈమధ్య ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా లడ్డూ సంగతి అడగట్లేదు, "మీ దగ్గర రోహింగ్యాలు ఉన్నారట కదరా, జాగ్రత్త" అంటున్నారు. వాళ్లెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎందుకొచ్చారు అని తిరిగి అడిగితే "బంగ్లాదేశ్ వాళ్లు కదా" అనేవాళ్లే ఎక్కువ. కాదు, బర్మా (ఇప్పటి మయన్మార్) పడమటి వైపు అరకాన్ నుంచి వచ్చినవాళ్లు, ఎక్కువగా ముస్లింలు అంటే ఆశ్చర్యపోతారు. విశాఖపట్నం మనుషులు బర్మా పేరు విని ఆశ్చర్యపోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే మా వైపు బర్మాతో చుట్టరికం లేని ఇల్లు వెతికినా దొరకదు.

మా మావయ్య (మా అత్త భర్త) పుట్టింది రంగూన్లో. పెద్దవాళ్లు రంగం అనేవాళ్లు. విశాఖలో కంచరపాలెం దగ్గర, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉండే బర్మా క్యాంపు ఉంది కదా, ఆయన పెరిగింది అక్కడే. 1964లో ఓడ దిగేనాటికి చిన్న గుంటడు. మా చుట్టాలందరిలో రోహింగ్యాలను వెనక్కి పంపేయాలని గట్టిగా వాదించేది కూడా ఆయనే. ఈ పోస్టు సగం ఆయనకి జవాబుగా రాస్తున్నాను, చదువుతారని నమ్మకం లేకపోయినా.

ముందు మన కథ. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి కూలీలు బర్మా వెళ్లడం పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. మేస్త్రీలు ఊళ్లోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, ఓడ టికెట్టు కొని, అక్కడికెళ్లాక ఆ అప్పు కూలిలోంచి కోసుకునేవాళ్లు. రేవులో బస్తాల మోత, రైసుమిల్లులు, రిక్షాలు లాగడం, మునిసిపాలిటీలో పాకీ పని, ఇలా అక్కడివాళ్లు చెయ్యనివన్నీ మనవాళ్లే చేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లేవాళ్లు కాబట్టి అక్కడ తెలుగు కూలీకి 'కొరింగీ' అన్న పేరు పడింది, అది గౌరవంగా పిలిచే పిలుపేమీ కాదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్లో సగానికి మించి భారతీయులే ఉన్నారంటే ఆ ఊరివాళ్లకి ఎలా అనిపించి ఉంటుందో ఊహించండి. వాళ్ల రాజధానిలో వాళ్లే మైనారిటీ.

బర్మావాళ్ల కోపానికి కారణాలు లేకపోలేదు, అది కూడా చెప్పుకోవాలి. దేశాన్ని ఏలేది తెల్లవాళ్లు. పోలీసుల్లో, ఆఫీసుల్లో, రైల్వేలో ఎక్కడ చూసినా భారతీయులు. 1930 తర్వాత ఆర్థికమాంద్యంలో వడ్ల ధర పడిపోయి రైతులు బాకీలు కట్టలేకపోతే దక్షిణ బర్మా వరి భూముల్లో దాదాపు నాలుగో వంతు చెట్టియార్ల (అప్పులిచ్చే తమిళ వ్యాపారుల) చేతికి వెళ్లిపోయింది. ఆ కోపం మాత్రం చెట్టియారు మీద కాకుండా, ముందుగా రేవులో బస్తా మోసే తెలుగువాడి మీద విరుచుకుపడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో మనవాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి, సమ్మె తెగ్గానే పాతవాళ్లను తీసుకుని కొత్తగా వచ్చినవాళ్లను పొమ్మన్నాయి. అల్లర్లు మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే. లాభం మిగిలింది కంపెనీలకి, తన్నుకు చచ్చింది మాత్రం ఇద్దరు పేదవాళ్లు.

తర్వాత జరిగినవి చాలామందికి చూచాయగా తెలిసే ఉంటాయి. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు, 1938లో మళ్లీ అల్లర్లు, 1941 డిసెంబర్లో రంగూన్ మీద జపాన్ బాంబులు. 1942లో లక్షలమంది భారతీయులు అడవుల్లోంచి, కొండల్లోంచి అస్సాం, మణిపూర్ వైపు, అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు నడిచారు, దారిలో కలరాకి, ఆకలికి రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అప్పుడు నడిచి వచ్చినవాళ్లలో కొందరు యుద్ధం అయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లారు! జనం ఒక్కోసారి ఎందుకలా చేస్తారో అర్థం కాదు, కానీ పని అక్కడే ఉంది, ఇల్లు అక్కడే ఉంది, ఇక్కడ మిగిలిందేమీ లేదు. మావయ్య వాళ్ల నాన్న అలా వెళ్లినవాడే.

1962 మార్చిలో సైన్యం అధికారం లాక్కుంది, జనరల్ నే విన్ వచ్చాడు. 1964 మార్చిలో అంగళ్లన్నీ జాతీయం చేశారు, మే నెలలో యాభై, వంద చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. భారతీయులు లక్షల సంఖ్యలో బయటపడ్డారు, మూడు లక్షల దాకా అంటారు. నగలకీ డబ్బుకీ కట్టడి పెట్టారు, చాలామంది కట్టుబట్టలతో ఓడెక్కారు.

ఇక్కడికొచ్చాక వాళ్లకేం జరిగిందన్నది నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే విషయం. మనవాళ్లే కదా, తెలుగే కదా, హారతులు పట్టి ఉంటారనుకుంటాం. మావయ్య చెప్పింది వేరు. స్కూల్లో ఆయన్ని అందరూ బర్మావాడు అనేవారట. అక్కడ బర్మీస్ బళ్లో వేసిన పిల్లలు, ఇక్కడ అ ఆల దగ్గర కూర్చోవాలి, పక్కన తమకంటే చిన్నపిల్లలు. వాళ్లమ్మ లుంగీ, రవిక వేసుకుని, చెట్టు బెరడుని గంధంలా అరగదీసి మొహానికి రాసుకుని నీళ్లకి వెళ్తే కుళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వేవారట. ఆవిడ వండే ఙపి (పులియబెట్టిన చేపల ముద్ద) వాసనకి పక్కింటివాళ్లు గొడవకొచ్చేవారట. ఇప్పుడేమో అదే బర్మా క్యాంపు వైపు ఖౌస్వే (బర్మా నూడుల్స్) తినడానికి జనం బళ్లేసుకుని వెళ్తారు, ఫోటోలు పెడతారు. వంటకానికి దొరికిన మర్యాద మనిషికి దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

అయినా ప్రభుత్వం చేతులెత్తేయలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. అప్పటి ఇండియా ఎంత బీద దేశమో తెలుసు, 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, తిండిగింజలు అమెరికా నుంచి తెచ్చుకుంటున్న రోజులు. ఆ రోజుల్లోనే కాందిశీకులకి క్యాంపులు, ఇళ్ల స్థలాలు, చిన్న వ్యాపారాలకి అప్పులు ఇచ్చారు. 1969లో బర్మా, శ్రీలంక నుంచి వచ్చినవాళ్ల కోసమే ఒక సహకార బ్యాంకు పెట్టారు, రెప్కో బ్యాంకు, ఇప్పటికీ ఉంది, దాని బోర్డు చూసి ఆ పేరేంటో తెలియకుండానే మనం దాటిపోతుంటాం. కేంద్ర ఉద్యోగాల నోటిఫికేషన్లలో 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి వచ్చిన కాందిశీకులకి వయోపరిమితి సడలింపు అని ఒక లైను ఉండేది, ఎన్నో ఏళ్లు ఉంది. మావయ్యకి రైల్వేలో ఉద్యోగం ఆ లైను వల్లే వచ్చింది. స్వాగతం అంటే నాకు గుర్తొచ్చేది ఆ లైనే. పూలదండలు ఎవరూ వెయ్యలేదు, కుళాయి దగ్గర నవ్వులు ఆగలేదు, కానీ మనిషి చేతిలో ఒక కాగితం ఉంది, ఆ కాగితం పట్టుకుని బడికెళ్లొచ్చు, బ్యాంకుకెళ్లొచ్చు, పరీక్ష రాయొచ్చు.

ఇప్పుడు బాలాపూర్ సంగతి.

పాత పేపర్లు, అట్టపెట్టెలు వేయడానికి నేను వెళ్లే స్క్రాప్ షాపులో ఒకాయన పనిచేస్తాడు. ప్లాస్టిక్కు, ఇనుము, రాగి వేరు చేసి పెట్టే పని. హైదరాబాదీ ఉర్దూలోనే మాట్లాడతాడు కానీ యాస వేరు. ఊరు బుథిడాంగ్ అన్నాడు ఒకసారి, అది రఖైన్ రాష్ట్రంలో, పాత పేరు అరకాన్. నాకు ఆ పేరు తెలుసని ఆయన ఊహించలేదనుకుంటా, సంచీ తూకం వేయడం ఆపేసి నా వంక చూశాడు. తర్వాత్తర్వాత కొంచెం కొంచెం చెప్పాడు. అక్కడ పక్క ఊరికి పోవాలన్నా పర్మిట్ కావాలి. పెళ్లి చేసుకోవాలంటే పర్మిషన్, అది రావడానికి ఏళ్లు పట్టొచ్చు, లంచం వేరే. ఇద్దరు పిల్లలకి మించి కనకూడదని ఆంక్ష. ఇవన్నీ ఆయన ఒక్కడి మాటలు కావు, ఉత్తర రఖైన్లో రోహింగ్యాల మీద ఇలాంటి ఆంక్షలు ఉన్నాయని ఎన్నో మానవహక్కుల నివేదికల్లో ఉంది. 2012లో అల్లర్లు అయ్యాక ఆయన బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్లోకి వచ్చి అక్కణ్ణుంచి రైలెక్కాడు. హైదరాబాదే ఎందుకు అంటే, ముందే వచ్చిన వాళ్ల ఊరివాడు పని దొరుకుతుందని చెప్పాడట. మనవాళ్లు రంగం వెళ్లింది కూడా అలాగే కదా, ముందు వెళ్లినవాడి మాట మీద.

వాళ్లు ఉండేది ఖాళీ ప్లాట్లలో వేసుకున్న గుడిసెల్లో, వెదురు, టార్పాలిన్, ఫ్లెక్సీ బ్యానర్లతో కట్టినవి. వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు, అందరూ యూఎన్ కార్డు అంటారు. దాంతో సిమ్ కార్డు రాదు, బ్యాంకు ఖాతా రాదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద ఇండియా సంతకం పెట్టలేదు, కాబట్టి చట్టం దృష్టిలో వాళ్లు శరణార్థులు కాదు, అనుమతి లేకుండా ఉన్న విదేశీయులు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో ఉన్నవి పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్, అదీ ముస్లింలు కానివాళ్లకి. రోహింగ్యాల్లో ఎక్కువమంది ముస్లింలు, దేశం మయన్మార్, రెండు రకాలుగానూ బయటే.

మరి వాళ్లని వాళ్ల దేశం ఎందుకు తన మనుషులు కాదంటోంది? మావయ్యకి నేను చెప్పాలనుకునేది ఇక్కడుంది. 1982లో నే విన్ ప్రభుత్వం కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. 1823కి ముందు నుంచి బర్మాలో స్థిరపడి ఉన్న జాతులవాళ్లే పుట్టుకతో పూర్తి పౌరులు. 1823 ఎందుకు? 1824లో ఇంగ్లీషువాళ్లతో మొదటి యుద్ధం మొదలైంది, అరకాన్ వాళ్ల చేతికి పోయింది. అంటే తెల్లవాడి వెనకాల వచ్చిన ప్రతివాడూ పరాయివాడే అని గీత గీశారన్నమాట. ఆ గీత ఎవరి కోసం? తెల్లవాడి వెనకాల ఓడల్లో దిగింది ప్రధానంగా మనవాళ్లే, కొరింగీలు, చెట్టియార్లు, బెంగాలీలు. 1964లో లక్షలమందిని ఓడలెక్కించారు, మిగిలిపోయినవాళ్లకి ఈ చట్టం రాశారు. బర్మా ప్రభుత్వం తొంభైల నుంచి చెప్తున్న 135 స్థానిక జాతుల జాబితాలో రోహింగ్యా లేదు, మిగిలిపోయిన తెలుగువాళ్లు కూడా లేరు. మావయ్య కుటుంబాన్ని బయటకి నెట్టిన ఆలోచన, స్క్రాప్ షాపాయన్ని బయటకి నెట్టిన ఆలోచన ఒకటే. 64లోనూ 82లోనూ ఒకటే జనరల్.

నిజానికి రోహింగ్యాల విషయంలో ఆ గీత కూడా సరిగ్గా అతకదు. అరకాన్ రాజ్యానికి బెంగాల్‌తో రాకపోకలు ఎన్నో శతాబ్దాల నాటివి, అక్కడ ముస్లింలు బర్మా రాజు ఆ రాజ్యాన్ని గెలవడానికి ముందు నుంచే ఉన్నారు. అరకాన్లో ఎప్పటినుంచో ఉంటున్న ముస్లింలు తమని రూయింగా అని చెప్పుకుంటారని 1799లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ డాక్టరు రాశాడు. బ్రిటిష్ కాలంలో వరి పొలాల పనికి చిట్టగాంగ్ నుంచి ఇంకా చాలామంది వచ్చారు, అదీ నిజమే, వాళ్ల భాష కూడా చిట్టగాంగ్ యాసకి దగ్గరగానే ఉంటుంది. పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసిపోయి నూరేళ్ల పైన అయ్యాక ఎవరిది ఏ ఓడ అని ఎలా విడదీస్తారు? పైగా రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్లు అక్కడి ముస్లింల చేతికి ఆయుధాలిచ్చారు, రఖైన్ బౌద్ధులు జపాన్ వైపు నిలబడ్డారు, 1942లో ఇరువైపులా ఊళ్లకి ఊళ్లు తగలబడ్డాయి. ఆ పగలు ఇప్పటికీ ఉన్నాయి. 1978లో రెండు లక్షలమంది, 1991-92లో రెండున్నర లక్షలమంది బంగ్లాదేశ్‌కి పారిపోయారు, 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల పైచిలుకు. వీటన్నిటికీ ముందు, అరవైల మొదట్లో, రంగూన్ రేడియోలో రోహింగ్యా భాషలో ప్రసారాలు కూడా వచ్చేవంటే ఇప్పుడు నమ్మడం కష్టం.

మావయ్య దగ్గరా పాయింట్లు ఉన్నాయి, లేవనను. 2017లో గొడవ మొదలైంది రోహింగ్యా మిలిటెంట్లు పోలీసు స్టేషన్ల మీద దాడి చేశాకే. అదే గుంపు రఖైన్లో హిందువులను చంపిందని 2018లో ఆమ్నెస్టీ నివేదిక ఇచ్చింది, ఆ వార్త ఆయన నాకు వాట్సాప్‌లో ఎన్నోసార్లు పంపారు. ఇక్కడ కూడా దొంగ ఆధార్లు, దొంగ ఓటరు కార్డుల కేసులు నమోదయ్యాయి. దొంగ కాగితం తీసుకున్నవాడి మీద కేసు పెట్టాల్సిందే. కానీ అసలు కాగితం ఏ దారిలోనూ రాని మనిషి దొంగ కాగితం అమ్మేవాడి దగ్గరికి కాక ఎక్కడికి పోతాడు? ఎవరెవరు ఉన్నారో ప్రభుత్వమే పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, ఫలానా పని చేసుకోవచ్చు, ఫలానా బళ్లో పిల్లల్ని వెయ్యొచ్చు అని ఒక తాత్కాలిక కార్డు ఇస్తే భద్రత పెరుగుతుందా తగ్గుతుందా అని నా ప్రశ్న. లెక్కలో ఉన్న మనిషి కంటే లెక్కలో లేని మనిషి గురించే కదా పోలీసులకైనా టెన్షన్.

ఇది జరగని పని కూడా కాదు, ఇదే దేశంలో మిజోరంలో జరిగింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్లో మళ్లీ సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ రాష్ట్రం నుంచి జనం తియావ్ నది దాటి వచ్చారు. రానివ్వొద్దని కేంద్రం రాసింది. అప్పటి ముఖ్యమంత్రి జొరామ్‌తంగా మాత్రం వాళ్లు మా రక్తం, పొమ్మనలేం అన్నారు. చర్చీలు, యంగ్ మిజో అసోసియేషన్ కుర్రాళ్లు గుడిసెలు కట్టిపెట్టారు, బియ్యం పోగుచేశారు, పిల్లల్ని బళ్లలో చేర్చుకోమని రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టులోనే ఉత్తర్వు ఇచ్చింది. మిజోరం ఎంత చిన్న రాష్ట్రమో, మొత్తం జనాభా మన హైదరాబాద్‌లో ఓ మూలకి సరిపోతారు. వచ్చినవాళ్లు ముప్పై వేలు దాటారు. అక్కడా గొడవలు లేకపోలేదు, డ్రగ్స్ రవాణా అని, అద్దెలు పెరిగాయని సణుగుడు ఉంది. కానీ చిన్ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకి మిజోలు బంధువులు. 1964లో మావయ్యకి ఆంధ్ర బంధువు. రోహింగ్యాకి ఇక్కడ బంధువు లేడు, పాతబస్తీలో జకాత్ (ముస్లింలు ఇచ్చే దానం) డబ్బులతో రేషన్ ఇచ్చే పుణ్యాత్ములూ కొన్ని స్వచ్ఛంద సంస్థలూ తప్ప.

స్క్రాప్ షాపాయన పెద్దమ్మాయి బడి వ్యవహారంలో నేను కొంచెం తిరిగాను. ఒక స్కూల్లో ఆధార్ లేకపోతే ఆన్‌లైన్లో పేరు ఎక్కదు అన్నారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలెవరికైనా బడి హక్కు అని చట్టంలో ఉంది కదా మేడమ్ అంటే, చట్టంలో ఉంది సార్, కంప్యూటర్లో లేదు అన్నారు. ఆవిణ్ణి అనడానికి లేదు, ఆవిడ బాధ ఆవిడది. ఇంకో స్కూల్లో ఒక సారు ముందు వచ్చి కూర్చోమనండి, పేరు సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఆ పిల్ల ఇప్పుడు తెలుగు గుణింతాలు నాకంటే గుండ్రంగా రాస్తోంది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో సుప్రీంకోర్టు కూడా ముందు బడికి వెళ్లి అడగండి, చేర్చుకోకపోతే హైకోర్టుకి వెళ్లండి అంది. అట్టలు ఏరుకునే మనిషి హైకోర్టుకి వెళ్లడం అనేది ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి. కాబట్టి ఆ చుట్టుపక్కల టీచర్లెవరైనా ఇది చదువుతుంటే, పిల్లలు వస్తే కూర్చోనివ్వండి, అంతే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇదంతా మావయ్యకి చెప్పాను. 1823 సంగతి ఆయనకి తెలీదు, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒరే, మేం దొంగదారిన రాలేదురా. ఓడ పంపించి తీసుకొచ్చారు మమ్మల్ని" అన్నారు. నిజమే, పెద్ద తేడానే అది. వీళ్లకి ఓడ పంపే దేశం లేదు మావయ్యా, అదే కదా గొడవ అన్నాను. లేకపోతే మనమెందుకు భరించాలి అన్నారు. మరి 64లో విశాఖపట్నంవాళ్లు మీ గురించి అదే అన్నారుగా అంటే, అది వేరు, మేం తెలుగువాళ్లం అన్నారు. రంగూన్లో ఉన్నప్పుడు మీరు బర్మావాళ్లమే అనుకునేవాళ్లా కాదా అని అడిగాను. దానికి మా అత్త అందుకుని, "ఇప్పటికీ అనుకుంటారు, నిద్రలో లెక్కలు బర్మా భాషలోనే వేస్తారు" అంది. ఆయనకి కోపం వచ్చి లేచి వెళ్లిపోయారు. వాదన తెగలేదు, వచ్చే నెల మా చెల్లి పెళ్లిలో మళ్లీ పట్టుకుంటారు నన్ను, ఈసారి 135 జాతుల జాబితా ప్రింట్ తీసుకెళ్తున్నాను.